క్లౌడ్‌కి మారే ముందు బయటికొచ్చే దారి చూసుకోండి: సంస్థల పాలక మండళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాలక మండలి సభ్యులకు, ఐటీ విభాగాధిపతులకు, ఖర్చుల ఫైలు మీద సంతకం పెట్టే పెద్దలందరికీ,

నమస్కారం.

సర్వర్లను, డేటాను క్లౌడ్‌కి, అంటే అమెజాన్, గూగుల్ లాంటి సంస్థలు అద్దెకిచ్చే యంత్రాల మీదికి, మార్చే ప్రతిపాదన మీ బల్ల మీదికి వచ్చి ఉంటుంది. లేదంటే ఇప్పటికే సగం పని అయిపోయి ఉంటుంది. ఎన్ని సర్వర్లు, ఎంత స్టోరేజీ, ఎన్ని నెలల్లో పూర్తవుతుంది అన్న లెక్కలు ఆ ఫైల్లో ఉంటాయి. క్లౌడ్ ఆగిపోతే ఎన్ని గంటల్లో తిరిగి నిలబడతాం, ఖాతా మొత్తం పోతే డేటా ఎక్కడినుంచి తెస్తాం, రేపు వదిలిపెట్టి వెళ్లాలంటే ఎన్నాళ్లు పడుతుంది అన్న మూడు ప్రశ్నలకు మాత్రం చాలా ఫైళ్లలో జవాబు ఉండదు. సర్వర్లు, బ్యాకప్‌లు చూసుకునే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ మూడింటి కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాం.

క్లౌడ్ వద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. సొంత సర్వర్ గదిలో జరిగే నష్టాలు తక్కువేమీ కావు. 2008 ఆగస్టులో, డీవీడీలను తపాలాలో అద్దెకిచ్చే రోజుల్లో, నెట్‌ఫ్లిక్స్ సొంత డేటాబేస్ పాడైపోయి, మూడు రోజుల పాటు చందాదారులకు డీవీడీలు పంపలేకపోయింది. ఆ దెబ్బతోనే వాళ్లు క్లౌడ్ బాట పట్టారు. ఆ మార్పు పూర్తయింది 2016 జనవరిలో, అంటే ఏడేళ్లకు పైనే పట్టింది. ఆరు నెలల్లో అంతా మార్చేస్తాం అని రాసిన ఫైలు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుకు తెచ్చుకోండి.

క్లౌడ్ వల్ల వచ్చే మేలు నిజమైనదే. కొత్త సర్వర్ కొనాలంటే కొటేషన్, ఆర్డర్, రవాణా, బిగింపు కలిపి వారాలు పడుతుంది. క్లౌడ్‌లో అదే పని నిమిషాల్లో అవుతుంది. నెలలో రెండు రోజులు మాత్రమే పదింతల రద్దీ ఉండే సేవకు, ఆ రెండు రోజుల కోసం పది సర్వర్లు కొని తక్కిన ఇరవై ఎనిమిది రోజులు ఖాళీగా తిప్పాల్సిన పని లేదు. చెడిపోయిన డిస్కు మార్చడం, డేటాబేస్‌కి భద్రతా ప్యాచ్‌లు (లోపాలు పూడ్చే సవరణలు) వేయడం, కరెంటు, చల్లదనం చూసుకోవడం అన్నీ క్లౌడ్ సంస్థ వాళ్లే చూసుకుంటారు. ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే ఐటీ విభాగానికి ఇది చాలా పెద్ద ఊరట.

అదే రద్దీ ఏడాది పొడవునా, రాత్రీ పగలూ ఒకే తీరుగా ఉంటే లెక్క తిరగబడుతుంది. ఎప్పుడూ నిండుగా నడిచే యంత్రాన్ని అద్దెకు తీసుకోవడం చాలాసార్లు కొనడం కన్నా ఎక్కువవుతుంది. జనం ఫైళ్లు దాచుకునే డ్రాప్‌బాక్స్ సంస్థ 2015 కల్లా తన వాడుకదారుల డేటాలో 90 శాతాన్ని అమెజాన్ నుంచి సొంత యంత్రాలకు తెచ్చుకున్నది అందుకే. కాబట్టి ప్రతి సేవకూ విడిగా, గత పన్నెండు నెలల రద్దీ గ్రాఫు ముందు పెట్టుకుని నిర్ణయించండి. అన్నిటినీ ఒకే మాటతో మార్చేయడం దండగ.

ఇక అమ్మకందారులు చూపించే అంకెల దగ్గరికి వద్దాం. అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే సేవ ఎస్3కు 99.999999999 శాతం మన్నిక ఉంటుందని చెబుతారు. పదకొండు తొమ్మిదులు. కోటి ఫైళ్లు దాచుకుంటే సగటున పదివేల ఏళ్లకు ఒక ఫైలు పోవచ్చని దాని అర్థం. అంకె సరైనదే. కానీ అది డిస్కులు, యంత్రాలు చెడిపోవడం గురించి చెప్పే అంకె. మీ ఖాతాలోంచి, మీ పాస్‌వర్డ్‌తో ఎవరైనా తొలగించమని ఆదేశమిస్తే, ఆ వ్యవస్థ అంతే నమ్మకంగా తొలగిస్తుంది. మీ ప్రోగ్రాం తప్పు డేటా రాస్తే ఆ తప్పునూ పదకొండు తొమ్మిదుల మన్నికతో భద్రపరుస్తుంది.

రెండో అంకె లభ్యత. నెలకు 99.9 శాతం అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగినా ఒప్పందం తప్పినట్టు కాదు. 99.99 అంటే సుమారు 4 నిమిషాలు. ఒక సేవ ఒకే భాగంతో నడవదు. లాగిన్, డేటాబేస్, ఫైళ్ల నిల్వ, సందేశాల క్యూ (వచ్చిన పనులను వరసలో ఉంచేది), డీఎన్ఎస్ (పేరును బట్టి యంత్రం చిరునామా చెప్పేది) అని అయిదు భాగాలుండి, ఒక్కోటి 99.9 అయితే, అయిదూ ఒకేసారి పనిచేసే అవకాశం 99.5 శాతమే. నెలకు మూడున్నర గంటలన్నమాట. మాట తప్పితే వాళ్లిచ్చేది ఏమిటో కూడా చదవండి. నెల బిల్లులో కొంత శాతాన్ని తర్వాతి బిల్లుకు జమ వేస్తారు, అది కూడా మీరు గడువులోగా అడిగితేనే. ఆ పూట మీకు జరిగిన వ్యాపార నష్టానికి ఆ ఒప్పందంతో సంబంధం లేదు.

పెద్ద క్లౌడ్ ఆగినప్పుడు కారణం చాలాసార్లు చిన్నదే అయి ఉంటుంది. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్ ఆగిపోయింది. ఒక సర్టిఫికెట్‌కి (యంత్రాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే డిజిటల్ పత్రానికి) ఏడాది గడువు లెక్కకట్టడానికి ప్రోగ్రాం సంవత్సరం అంకెకు ఒకటి కలిపింది. 2013 ఫిబ్రవరి 29 అనే తేదీ క్యాలెండర్లో లేదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఉత్తర వర్జీనియా రీజియన్‌లో (ఒక ప్రాంతంలోని డేటా కేంద్రాల సముదాయంలో), బిల్లింగ్ వ్యవస్థలో సమస్య వెతుకుతున్న ఉద్యోగి ఒక ఆదేశంలో అంకె తప్పు కొట్టడంతో, తీయాల్సిన వాటికన్నా ఎక్కువ సర్వర్లు పక్కకు పోయాయి. ఎస్3 నాలుగు గంటల దాకా కుదుటపడలేదు. సేవలు ఎలా ఉన్నాయో చూపించే వాళ్ల స్టేటస్ పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండటంతో దాన్ని మార్చడం కూడా వాళ్లకు కుదరలేదు. 2025 అక్టోబర్ 20న అదే రీజియన్‌లో డైనమోడీబీ అనే డేటాబేస్ సేవ చిరునామాలను రాసే రెండు ఆటోమేటిక్ ప్రక్రియలు ఒకదాని మీద ఒకటి రాసుకుని, చివరికి డీఎన్ఎస్ రికార్డు ఖాళీ అయిపోయింది. డేటాబేస్ యంత్రాలు బాగానే ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్లే చిరునామానే లేదు. గొలుసుకట్టుగా పడిపోయిన మిగతా సేవలు పూర్తిగా తేరుకోవడానికి 14 గంటలకు పైగా పట్టింది.

వీటినుంచి మీ ప్లానులోకి రావాల్సిన మార్పు ఒకటుంది. "ఒక రీజియన్ పడిపోతే ఇంకో రీజియన్‌లో సర్వర్లు లేపుతాం" అని చాలామంది రాసుకుంటారు. అలాంటి రోజున కొత్త సర్వర్లు లేపే వ్యవస్థే పనిచేయకపోవచ్చు. పనిచేసినా, పక్క రీజియన్ మీదికి అందరూ ఒకేసారి వచ్చి పడతారు. అందుకే ప్రాణావసరమైన సేవలకు రెండో చోట కనీస సామర్థ్యం ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. డీఎన్ఎస్ గడువు (పాత చిరునామాను జనం యంత్రాలు గుర్తుంచుకునే సమయం) ముందునుంచే 60 సెకన్లకు తగ్గించి ఉంచాలి. 24 గంటల గడువు పెట్టుకుంటే, మీరు చిరునామా మార్చినా జనం ఆ రోజంతా పాత చోటికే పోతుంటారు. ఇక ఆపదలో ఏం చేయాలో రాసిన పత్రం, ఫోన్ నంబర్లతో సహా, ఆ క్లౌడ్‌కి బయట ఉండాలి. కాగితం మీద ఉన్నా సరే.

ఆగిపోవడం కన్నా మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది చెరిగిపోవడం. ఆగింది మళ్లీ నడుస్తుంది.

2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ అమెజాన్ నియంత్రణ ప్యానెల్లోకి ఒక దుండగుడు చొరబడి డబ్బు డిమాండ్ చేశాడు. వాళ్లు పాస్‌వర్డులు మారుస్తుండగా, ముందే సృష్టించి పెట్టుకున్న వేరే లాగిన్లతో వచ్చి సర్వర్లు, డిస్కులు, స్నాప్‌షాట్లు (డిస్కుల ఆ క్షణపు నకళ్లు) చెరిపేశాడు. పన్నెండు గంటల్లో చాలా వరకు పోయింది. బ్యాకప్‌లు ఉన్నాయి, కానీ అదే ప్యానెల్ కింద ఉన్నాయి. సంస్థ మూతపడింది. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ డేటా కేంద్రం ఎస్‌బీజీ2 తగలబడి బూడిదైంది. అక్కడే బ్యాకప్ పెట్టుకున్నవాళ్లు అసలునూ నకలునూ ఒకే మంటలో పోగొట్టుకున్నారు.

2024 మే నెలలో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్‌కు జరిగింది మరీ విడ్డూరం. ఆ సంస్థ గూగుల్ క్లౌడ్‌లో రెండు వేర్వేరు ప్రాంతాల్లో జాగ్రత్తగా నకళ్లు పెట్టుకుంది. ప్రైవేట్ క్లౌడ్‌ను మొదట ఏర్పాటు చేసినప్పుడు గూగుల్ సిబ్బంది ఒక గడిని ఖాళీగా వదిలేశారు. దానివల్ల ఆ ఏర్పాటుకు ఏడాది గడువు పడింది. గడువు తీరగానే వ్యవస్థ తనంతట తాను దాన్ని తొలగించింది. తొలగింపు చందా (సబ్‌స్క్రిప్షన్) స్థాయిలో జరగడంతో రెండు ప్రాంతాల నకళ్లూ పోయాయి. ఆరు లక్షలకు పైగా సభ్యులు రోజుల తరబడి తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. చివరికి ఆదుకున్నవి వేరుగా దాచిన బ్యాకప్‌లు: గూగుల్ స్టోరేజీలో విడిగా ఉన్నవి, ఇంకో సంస్థ దగ్గర పెట్టుకున్నవి.

ఈ మూడింటిలో ఒకటి చొరబాటు, ఒకటి అగ్నిప్రమాదం, ఒకటి ఖాళీగా మిగిలిన గడి. మూడింటికీ మందు ఒకటే. కనీసం ఒక నకలు వేరే ఖాతాలో, వేరే లాగిన్లతో, వీలైతే వేరే సంస్థ దగ్గర ఉండాలి. అసలు ఖాతా నిర్వాహకుడికి ఆ రెండో ఖాతాలో రాసే హక్కు ఉంటే చాలు, చెరిపే హక్కు ఇవ్వకూడదు. ఆ నిల్వ మీద మార్పు నిషేధం పెట్టండి. ఎస్3లో దాన్ని ఆబ్జెక్ట్ లాక్ అంటారు. దాన్ని కంప్లయన్స్ పద్ధతిలో పెడితే గడువు తీరేదాకా ఖాతా యజమాని కూడా చెరపలేడు. గడువు 30 రోజులకు తగ్గకూడదు. ఎందుకంటే చొరబడినవాడు చాలాసార్లు వారాల పాటు కిమ్మనకుండా కూర్చుంటాడు, అప్పటి బ్యాకప్‌లన్నీ కలుషితమై ఉంటాయి. బ్యాకప్‌ను గుప్తీకరించిన తాళం చెవి అసలు ఖాతాలోనే ఉంటే ఈ శ్రమంతా వృథా. చెవి పోతే డేటా ఉండీ లేనట్టే. తాళం చెవులు దాచే అమెజాన్ సేవ కేఎంఎస్‌లో చెవి తొలగింపుకు 7 నుంచి 30 రోజుల నిరీక్షణ పెట్టుకోవచ్చు. దాన్ని 30 రోజులకే ఉంచి, ఎవరైనా తొలగింపు మొదలుపెట్టిన క్షణంలో హెచ్చరిక వచ్చేలా చేసుకోండి.

రెప్లికేషన్ (ప్రతి మార్పునూ వెంటనే రెండో డేటాబేస్‌కు, అంటే రెప్లికాకు, పంపడం) ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. అసలు డేటాబేస్‌లో పొరపాటున ఒక పట్టిక చెరిపితే, ఆ చెరుపు ఒక్క సెకనులో రెప్లికాకూ పాకుతుంది.

ఇల్లు అలకగానే పండగ కాదు. బ్యాకప్ తీసినంత మాత్రాన అది తిరిగి వస్తుందని నమ్మకం లేదు. 2017 జనవరి 31న ప్రోగ్రాం కోడ్ దాచే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డరును తీసేయడంతో సుమారు 300 జీబీ పోయింది. బ్యాకప్ నిల్వ తెరిచి చూస్తే ఖాళీ. బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షను డేటాబేస్ వెర్షనుతో కలవక రోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిరస్కరిస్తోంది. అనుకోకుండా ఆరు గంటల ముందు చేత్తో తీసి పెట్టిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి బతికిపోయారు. ఆ సంస్థ ఇదంతా దాచకుండా బయటపెట్టింది కాబట్టే మనందరికీ పాఠమైంది.

అందుకే మూడు నెలలకోసారి నిజమైన రీస్టోర్, అంటే బ్యాకప్ నుంచి అంతా తిరిగి నిలబెట్టడం, చేయించండి. ఎలా చేయాలో కాస్త వివరంగా చెబుతాం. కొత్తగా, ఖాళీగా ఉన్న ఖాతా తీసుకోండి. అసలు ఖాతా లేదనుకోండి, దాన్ని ముట్టుకోవడం నిషిద్ధం. గడియారం మొదలుపెట్టి, రోజూ ఆ పని చేసే వ్యక్తికి కాకుండా వేరొకరికి పత్రం ఇచ్చి కూర్చోబెట్టండి.

మొదటి అడ్డంకి చాలాసార్లు కోటా దగ్గర వస్తుంది. కొత్త ఖాతాకు ప్రాసెసర్ల పరిమితి తక్కువగా ఉంటుంది, మీకు కావాల్సినన్ని సర్వర్లు లేవవు. పరిమితి పెంచమని ముందే అడిగి పెట్టుకోవాలి. తర్వాత డేటా. 2 టీబీ డేటాబేస్ సెకనుకు 200 ఎంబీ వేగంతో వస్తే, కేవలం కాపీ అవ్వడానికే సుమారు 2 గంటల 47 నిమిషాలు. ఆ పైన లాగ్‌లు (బ్యాకప్ తర్వాత జరిగిన మార్పుల చిట్టాలు) మళ్లీ ఆడించాలి, ఇండెక్సులు (డేటా త్వరగా వెతికే సూచికలు) కట్టాలి. స్నాప్‌షాట్ నుంచి చేసిన డిస్కు వెంటనే కనిపిస్తుంది కదా అని సంబరపడొద్దు. దానిలోని బ్లాకులు మొదటిసారి చదివినప్పుడే నిల్వనుంచి దిగుతాయి కాబట్టి, తొలి గంటల్లో డేటాబేస్ నత్తనడక నడుస్తుంది. ఆ తర్వాత పాస్‌వర్డులు, సర్టిఫికెట్లు. అవన్నీ పోయిన ఖాతాలోని రహస్యాల ఖజానాలోనే ఉన్నాయని అప్పుడు బయటపడుతుంది. ఇంకో ఇబ్బంది ఎవరూ ఊహించరు. ఖాతా యజమాని ఈమెయిల్ మీ సొంత డొమైన్‌లో ఉంటుంది, ఆ డొమైన్ మెయిల్ సర్వర్ అదే క్లౌడ్‌లో నడుస్తుంటుంది. పాస్‌వర్డ్ మార్చుకునే లింకు వచ్చే పెట్టె కూడా ఆ పూట మూసుకుపోయి ఉంటుంది. యజమాని ఈమెయిల్‌ను బయట పెట్టండి. రెండో అంచె భద్రతా తాళం రెండు హార్డ్‌వేర్ కీల మీద ఉంచి, ఒకటి బీరువాలో పెట్టండి. ఒక్క ఉద్యోగి ఫోన్లో మాత్రం ఉంచకండి.

డేటా వచ్చాక వరసల లెక్క సరిపోల్చండి, ఆఖరి రికార్డు సమయం చూడండి. అర్ధరాత్రికొకసారి బ్యాకప్ తీస్తుంటే, రాత్రి 11 గంటలకు ప్రమాదం జరిగినప్పుడు 23 గంటల పని పోయినట్టే. అది మీకు సమ్మతమా కాదా అన్నది మేం నిర్ణయించేది కాదు, మండలి నిర్ణయించాలి. ఎంత డేటా పోతే ఓర్చుకోగలరు, ఎన్ని గంటలు ఆగితే ఓర్చుకోగలరు అన్న రెండు అంకెలు ఒక్కో సేవకూ రాసి ఇవ్వండి. ఖర్చు ఎంతవుతుందో ఆ అంకెల నుంచే తేలుతుంది.

భద్రత విషయంలో ఒక అపోహ పోవాలి. భవనం, యంత్రాలు, వాటి కింది సాఫ్ట్‌వేర్ భద్రత క్లౌడ్ సంస్థది. ఎవరికి ఏ హక్కు ఇచ్చారు, ఏ నిల్వను జనానికి తెరిచారు, ఏ ప్యాచ్ వేయలేదు అన్నది మీది. 2019లో క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి అమెరికా, కెనడాలలో కలిపి సుమారు 10 కోట్ల 60 లక్షల మంది వివరాలు పోయాయి. తప్పుగా అమర్చిన ఫైర్‌వాల్ ద్వారా లోపలికి వచ్చిన వ్యక్తి, ఆ సర్వర్ దగ్గరున్న తాత్కాలిక తాళం చెవులు (నిల్వలు తెరిచే డిజిటల్ అనుమతులు) అందుకుంది. ఆ సర్వర్‌కు అవసరానికి మించి హక్కులుండటంతో నిల్వలన్నీ చదవడం కుదిరింది. అమెజాన్‌లో సర్వర్లకు అలాంటి చెవులు అందించే సేవ ఐఎండీఎస్‌లో, ఈ దారిని ఇరుకు చేసే రెండో వెర్షను 2019 నవంబర్‌లో వచ్చింది. మీ సర్వర్లన్నిటి మీద దాన్ని తప్పనిసరి చేశారో లేదో అడగండి. శాశ్వత యాక్సెస్ కీలు (ఖాతాలోకి వెళ్లే రహస్య సంకేతాలు) కోడ్‌లో రాసి, అందరికీ కనిపించే కోడ్ నిల్వలో (రిపాజిటరీలో) పెడితే, వాటికోసం కాచుకుని ఉండే ప్రోగ్రాములు నిమిషాల్లో పట్టేస్తాయి. మీ ఖాతా మీద వందల యంత్రాలు లేపి క్రిప్టో నాణేలు తవ్వుకుంటాయి. బడ్జెట్ హెచ్చరిక పెట్టుకున్నా అది చెబుతుందే గానీ ఆపదు, పైగా బిల్లు లెక్కలు గంటలు ఆలస్యంగా వస్తాయి. వాడని రీజియన్లను ముందే మూసేయడం అంతకన్నా నమ్మదగిన కట్టడి.

దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 8,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న రీజియన్‌కు వెళ్లి రావడానికి కనీసం 80 మిల్లీసెకన్లు. ఒక పేజీ తెరవడానికి 200 సార్లు ఒకదాని తర్వాత ఒకటిగా డేటాబేస్‌ను అడిగే పాత ప్రోగ్రాం, పక్క గదిలో సర్వర్ ఉన్నంతకాలం చలాకీగానే ఉంటుంది. ప్రోగ్రాంను ఇక్కడే ఉంచి డేటాబేస్‌ను మాత్రం అక్కడికి పంపితే అదే పేజీకి 16 సెకన్లు పడుతుంది. ఏ యంత్రం కొన్నా ఈ ఆలస్యం పోదు. రెండింటినీ ఒకేచోట ఉంచాలి, లేదా ప్రోగ్రాం తిరగరాయాలి.

ఇక బయటికొచ్చే దారి. డేటా లోపలికి పంపడానికి పెద్ద సంస్థలు మామూలుగా ఏమీ తీసుకోవు, బయటికి తీస్తే జీబీకి ఇంత అని వసూలు చేస్తాయి. పూర్తిగా వదిలి వెళ్లేవాళ్లకు ఈ రుసుము ఎత్తేస్తున్నట్టు 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ ప్రకటించాయి. కానీ దానికి దరఖాస్తు, షరతులు ఉన్నాయి. ఐరోపా సమాఖ్య డేటా చట్టం ప్రకారం 2027 జనవరి 12 నుంచి అక్కడ మార్పు రుసుములు ఉండకూడదు. రుసుము పోయినా సమయం పోదు. 100 టీబీని సెకనుకు 1 గిగాబిట్ లైను మీద, నిండు వేగంతో, ఆగకుండా తెచ్చినా తొమ్మిది రోజులకు పైనే పడుతుంది. 2013 సెప్టెంబర్‌లో నిర్వానిక్స్ అనే క్లౌడ్ నిల్వ సంస్థ దుకాణం మూసేస్తూ, ఖాతాదారులకు మొదట ఇచ్చిన గడువు రెండు వారాలే. మీ డేటా పరిమాణాన్ని మీ లైను వేగంతో భాగించి చూడండి, రెండు వారాల్లో బయటపడగలరో లేదో తెలుస్తుంది.

డేటా తెచ్చుకున్నాక అది ఇంకోచోట నడవాలి కదా. పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), కుబెర్నెటీస్ (ప్రోగ్రాములను నడిపే వ్యవస్థ) లాంటి అందరి దగ్గరా దొరికే వాటి మీద కట్టుకుంటే మార్పు వారాల పని. ఆ ఒక్క సంస్థ దగ్గరే దొరికే డేటాబేస్ మీద, క్యూల మీద కట్టుకుంటే ప్రోగ్రాంనే తిరగరాయాలి. అవి వాడొద్దని అనం, చాలా పనిని తగ్గిస్తాయి. ఎక్కడెక్కడ వాడారో జాబితా మాత్రం ఉంచుకోండి. అలాగని ఒకే సేవను రెండు క్లౌడ్‌ల మీద ఒకేసారి నడపమని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకండి. చిన్న బృందానికి అది రెట్టింపు పని, రెట్టింపు పొరపాట్లు. నకలు రెండో చోట ఉంటే చాలామందికి సరిపోతుంది.

చట్టం సంగతి మీ న్యాయవాదిని అడగాలి. ఒకటి మాత్రం చెప్పాలి. డేటా ఏ దేశపు గడ్డ మీద ఉందన్నది ఒక్కటే చాలదు. అమెరికా 2018లో తెచ్చిన క్లౌడ్ చట్టం ప్రకారం, ఆ దేశ చట్ట పరిధిలోని సంస్థ తన అధీనంలోని డేటాను, అది ఏ దేశంలో ఉన్నా, చట్టబద్ధమైన ఆదేశం మీద ఇవ్వాల్సి రావచ్చు. బయటపడకూడని డేటాకు తాళం చెవి మీ దగ్గరే ఉంచుకోండి.

మా విన్నపం చిన్నదే. క్లౌడ్ ఫైలు తిరిగి మీ ముందుకు వచ్చినప్పుడు, దానికి ఒక కాగితం జతచేయమని అడగండి. చివరిసారి ఖాళీ ఖాతాలో రీస్టోర్ చేసిన తేదీ, పట్టిన గంటలు, ఎక్కడెక్కడ ఆగిపోయారు, ఎవరు చేశారు, మళ్లీ ఎప్పుడు చేస్తారు అన్నవి అందులో ఉండాలి. ఆ కాగితం లేకపోతే ఫైలును వెనక్కి పంపండి. అది తయారుచేయడానికి మీ సిబ్బందికి రెండు రోజుల సమయం, ఒక ఖాళీ ఖాతా ఇవ్వండి.

ఇట్లు,
సర్వర్లు, నిల్వలు, బ్యాకప్‌లు చూసుకునే సిస్టం నిర్వాహకులు